గోడ తట్టే మావయ్య

ఎవరింటికి వెళ్ళినా మావయ్య ముందు మనుషుల్ని పలకరించడు, గోడని పలకరిస్తాడు. చెప్పులు విప్పీ విప్పకముందే వేలి కణుపులతో టకటకా తట్టి, చెవి ఆనించి, "గుల్ల" అనో "గట్టిది" అనో తేల్చేస్తాడు. కుశలప్రశ్నలు ఆ తరవాతే.

పాపం, ఆయన ఉద్యోగం అలాంటిది. "ఫలానా మహనీయులు ఈ గృహమున నివసించిరి" అని చెక్కిన రాళ్ళని మునిసిపాలిటీ తరఫున గోడలకి బిగిస్తాడు. గుల్లబారిన గోడకి బిగిస్తే ఏదో ఒక వానాకాలం ఆ మహనీయులు దారినపోయేవాడి నెత్తిన పడతారు. అందుకే ఈ తట్టడం. మేనకోడలికి సంబంధం మాట్లాడడానికి వెళ్ళి పెళ్ళికొడుకు ఇంటి గోడ కూడా తట్టి, "అంతా గుల్ల" అన్నాడు. పెళ్ళివారి మొహాలు మాడిపోయాయి. పెళ్ళికొడుకు ఒక్కడే పగలబడి నవ్వాడు. బస్సు కండక్టరు అతను. ఆ నవ్వు సంగతి వినే మేనకోడలు ఒప్పుకుంది.

చెక్కడంలో పుట్టిన సంవత్సరమో ఇంటిపేరో తప్పుపడిన రాళ్ళని పారెయ్యడానికి మావయ్యకి మనసొప్పదు, ఇంటికి మోసుకొస్తాడు. వాళ్ళ గుమ్మం ముందు మెట్టు ఒక న్యాయమూర్తి. పెరట్లో అత్తయ్య ఒక సంగీత విద్వాంసుడి మీద బట్టలు ఉతుకుతుంది. ఇంటినిండా మహానుభావులే, చెప్పిన మాట వినే మామూలు మనిషి ఒక్కడూ లేడని ఆవిడ గొడవ.

పెళ్ళయి వేరే అద్దింట్లో కాపురం పెట్టిన మేనకోడలి చేతికి ఉప్పు ఎక్కువ. భోజనానికి వచ్చినప్పుడల్లా మావయ్య గ్లాసుల కొద్దీ నీళ్ళు తాగుతూ గోడ తట్టేవాడు. ఆమె భర్త మాత్రం బాగుంది, ఇంకాస్త వెయ్యమనేవాడు.

ఆ మనిషి కిందటి వానాకాలం నాలుగు రోజుల జ్వరానికే పోయాడు. శవం ఇంకా ఇంట్లో ఉంది. అందరూ ఏడుస్తున్నారు. పెరట్లోంచి టకటకా వినిపించింది, ఆ వెనకే "గట్టిది" అన్న మాట కూడా. ఆమె గుండె రగిలిపోయింది. ఆ రోజు నుంచి మావయ్యతో మాట్లాడడం మానేసింది.

ఒక్కతే అద్దె కట్టలేక, చివరికి ఆ ఇల్లు ఖాళీ చేసి కుట్టుపని చేసే చోటికి దగ్గర్లో ఒక గది చూసుకుంది. సామాను కదులుతుండగానే ఇంటి ఓనరమ్మ సున్నం వేయించడం మొదలుపెట్టింది. పేపరు చదువుతూ భర్త తల ఆనించే చోట గోడ మీద నూనె మరక ఒకటి ఉండేది. చూస్తుండగానే అది తెల్లబడిపోయింది. ఆయన ఇక్కడ బతికాడనడానికి ఇంక ఆనవాలే లేదు. గొప్పవాళ్ళకైతే రాళ్ళు పెడతారు, కండక్టరుకి ఎవరు పెడతారని కుమిలిపోయింది.

అప్పుడొచ్చాడు మావయ్య, భుజాన గోనెసంచి, చేతిలో సిమెంటు బకెట్టు. నేరుగా పెరట్లోకి వెళ్ళి టకటకలాడించాడు. ఆమె ఇంక పట్టలేకపోయింది.

"ఇవాళైనా ఆ గోడని వదిలెయ్యి మావయ్యా. ఆయన పోయినరోజు కూడా తట్టావు. నీకసలు మనసుందా?"

"ఆ రోజే పెడదామనుకున్నానమ్మా. గోడ గట్టిదే గానీ వానకి నానిపోయి ఉంది. తడి మీద బిగిస్తే నిలవదు, ఎండాలిగా. ఓనరమ్మనీ అడిగాను. పెరట్లో అయితే పెట్టుకోమంది."

గోనె విప్పాడు. అత్తయ్య బట్టలుతికే రాయి. విద్వాంసుణ్ణి వెనక్కి తిప్పి, ఇవతలి వైపు మావయ్యే స్వయంగా చెక్కాడు. అక్షరాలు వంకరటింకరగా ఉన్నాయి:

"ఈ ఇంట్లో ఒక బస్సు కండక్టరు కాపురం చేశాడు. కూరలో ఉప్పు ఎక్కువైనా బాగుందనేవాడు."

ఆమె చదివింది. మళ్ళీ చదివింది. ఏడుపు రాబోయి, ఎందుకో నవ్వులోకి దారి తప్పింది.

"ఉప్పు ఎప్పుడు ఎక్కువైంది మావయ్యా?"

"చెక్కేశాక దిద్దలేం తల్లీ. తప్పయితే చెప్పు, ఇంటికి పట్టుకుపోతాను. రాయి లేక మీ అత్తయ్య నన్ను తిడుతోంది."

ఆమె కొంగుతో మొహం తుడుచుకుంది. "తప్పేం లేదు. బిగించు" అంది.

పని అయ్యాక మావయ్య చేతులు కడుక్కోవడానికి వెళ్ళాడు. ఆమె రాతి పక్కన గోడని వేలి కణుపులతో మెల్లిగా తట్టి, చెవి ఆనించింది.

"గట్టిదే" అంది, మావయ్యకి వినపడేలా.