కూర్చుంటే లేవని మనిషి

మహారాష్ట్ర అంచున ఉన్న మా సిరొంచ బజారులో మా అత్తమ్మకు ఒక పేరుంది. బట్టల దుకాణంలో గల్లా ముందు కూర్చుందంటే సాయంత్రం దాకా లేవదని. జిమల్‌గట్ట నుంచి పెళ్లి బట్టలకు వచ్చేవాళ్లు కూడా ఆ మాటే అంటారు. కోడలిగా కొత్తగా వచ్చినప్పుడు నాకూ అది గొప్పగానే అనిపించింది. ఆమె ఎందుకు లేవదో తెలిశాక మాత్రం ఆ మెచ్చుకోలు వింటే ఒళ్లు మండేది.

మా దుకాణానికి మరుగుదొడ్డి లేదు. మగవాళ్లకేం, ఊళ్లో ఏ గోడైనా సరిపోతుంది. ఆడమనిషి మాత్రం బస్టాండు దాటి ఇంటి దాకా నడవాలి. మధ్యాహ్నం పూట గల్లా వదిలి అటు నడిస్తే ఎందుకు పోతున్నదో బజారంతటికీ తెలిసిపోతుందని ఆమె సిగ్గు. అందుకని నీళ్లు తాగడమే మానేసింది. పొద్దున ఒక చాయ్, అంతే. వడగాలి కొట్టే రోజుల్లో కూడా అంతే. నేను గ్లాసు అందిస్తే పెదవులు తడుపుకుని పక్కన పెట్టేది.

మా దగ్గర మూత్రానికి పోవడాన్ని ఒంటికి పోవడం అంటారు. "ఒంటికి పోతే మంట పుడ్తున్నది" అని అప్పుడప్పుడు నా చెవిలో చెప్పేది. నేను భయపడితే, "ఉడుకు చేసింది బిడ్డా, ఏం గాదు" అని నాకే ధైర్యం చెప్పేది. రాత్రి ఇంటికొచ్చాక సబ్జా గింజలు నానబెట్టి చెంబెడు తాగేది. కొన్నిసార్లు తగ్గేది కూడా. దాంతో ఆమెకు ఆ గింజల మీద భక్తి పెరిగింది. గింజలతో పాటు చెంబెడు నీళ్లు కూడా లోపలికి పోయాయి కదా అత్తమ్మా అంటే, "అబ్బో, పెద్ద డాక్టర్‌వి" అని నవ్వేది. ఒకసారి మంట ఎక్కువై దవాఖానకు పోతే గోళీలు రాసిచ్చారు. మంట తగ్గగానే మిగిలినవి గల్లాపెట్టెలో పడేసింది, మళ్లీ అవసరమైతే పనికొస్తాయని.

పోయిన ఎండాకాలంలో ఒక మధ్యాహ్నం, ఎవరికో జాకెట్ గుడ్డ కొలుస్తుంటే ఆమె చేతిలోని మీటరు బద్ద వణకడం మొదలుపెట్టింది. అంత ఎండలో ఆమె చలి అంటోంది. నడుం పక్కన చెయ్యి పెట్టుకుని వంగిపోయింది. ముట్టుకుంటే ఒళ్లు కాలిపోతోంది. మా ఆయన సరుకుకు చంద్రపూర్ పోయాడు. నేను కేక వేశాను. పక్కనున్న గాజుల దుకాణం ఆమె పరుగెత్తుకొచ్చి ఆటో పిలిచి, మా గల్లాకు తానే తాళం వేసింది. తరతరాలుగా ఇక్కడే ఉన్న ముసల్మానుల కుటుంబం వాళ్లది. దుకాణం వెనకే ఇల్లు.

సర్కారు దవాఖానలో డాక్టరమ్మ మూత్రం పరీక్ష చేయించి, మరాఠీలో చెప్పింది. నేను అత్తమ్మకు తెలుగులో చెప్పాను. ఇది ఉడుకు కాదు. మూత్రసంచిలో పట్టిన ఇన్‌ఫెక్షన్ పైకి పాకి కిడ్నీ దాకా పోయింది. నీళ్లు తాగకుండా, ఆపుకుని కూర్చుంటే లోపలి క్రిములు బయటికి కొట్టుకుపోవు. ముట్టు ఆగిన వయసులో ఇది ఇంకా తొందరగా వస్తుంది. మంట తగ్గినా మందులు మధ్యలో మానొద్దు. మళ్లీ చలిజ్వరం వస్తే ఒక్క పూట కూడా ఆగొద్దు. మాటిమాటికీ ఇంత దాకా తెచ్చుకుంటే కిడ్నీలకే ముప్పు.

సెలైన్ ఎక్కుతున్న చెయ్యి అట్లాగే ఉంచి అత్తమ్మ అంతా విన్నది. "నీళ్లు తాగుమంటది, సరే. తాగి యాడికి పోవాలె? అడుగు."

నేను మరాఠీలో అడిగాను. డాక్టరమ్మ రాయడం ఆపి నా వైపు చూసింది. మందుల చీటీ నా చేతికిచ్చి పక్క మంచం దగ్గరికి పోయింది. నాకు ఏడుపొచ్చింది.

మందులన్నీ అయిపోయి, పరీక్ష బాగా వచ్చాక అత్తమ్మ మళ్లీ గల్లా దగ్గర కూర్చుంది. నేను నీళ్ల గ్లాసు పెట్టాను. ఆమె దాని వైపు చూస్తూ కూర్చుంది. ఇంతలో గాజుల దుకాణం ఆమె వచ్చింది. తాళం వేసిన రోజు నుంచీ ఆమె మనసులో ఏదో ఉన్నట్టుంది, నిలబడే చెప్పేసింది.

"అక్కా, మా ఎనక తలుపు పగటీలి ఎప్పుడు తెరిచే ఉంటది. లెట్రిన్ కట్టిచ్చినప్పుడే నీకు చెప్దామనుకున్న. మా ఇంట్ల అంటే నువ్వేమనుకుంటవో అని ఊకున్న."

అత్తమ్మ ఆమె చెయ్యి పట్టుకుని పక్కన కూర్చోబెట్టుకుంది. తర్వాత, "నేను గూడ అడుగుదామనుకున్న ఆపా. నువ్వేమనుకుంటవో అని ఊకున్న" అంది.

రంజాన్‌కు వాళ్ల సేమియా మా ఇంటికొస్తుంది, దసరాకు మా గారెలు వాళ్లింటికి పోతాయి. ఇన్నేళ్లు పక్కపక్కన కూర్చుని, గోడకు అటొకరు ఇటొకరు మర్యాదకు పోయి నోరు మూసుకున్నారు. ఇద్దరి మీదా నాకు కోపమొచ్చింది, అంతకంటే ఎక్కువ ప్రేమ పుట్టుకొచ్చింది.

అత్తమ్మ గ్లాసు ఎత్తి మొత్తం తాగింది. మొన్న పెళ్లి బేరం మాంచి జోరు మీద ఉన్నప్పుడు, పరిచిన చీరలు అట్లాగే వదిలి లేచింది. "ఏందమ్మా, నువ్వు లేస్తున్నవ్?" అని పెళ్లికొడుకు మేనమామ పరాచికమాడాడు.

"ఒంటికి పోతున్న" అంది అత్తమ్మ, బజారుకంతా వినపడేట్టు. "జర కూసోండ్రి."