మైకమ్మకు మేకప్పు

నాకు ముక్కు మీద కోపమని మా వీధంతా చెప్పుకుంటుంది. చెప్పుకోనివ్వండి. బ్యూటీ పార్లరు నడిపే మనిషికి ఆమాత్రం కోపం లేకపోతే, కనుబొమలు దిద్దించుకోవడానికి వచ్చినవాళ్ళు ఫోన్లో మాట్లాడుతూ తలూపేస్తారు, సగం కనుబొమ దారానికి పోతుంది, తప్పు మాత్రం నాదంటారు. మా అక్క నాకు పూర్తిగా విరుద్ధం. కోపం రాదు, అలంకారం అక్కర్లేదు, ఇంట్లో మాట కూడా పెద్దగా ఉండదు. బస్‌స్టాండులో అనౌన్సరు. ఏ బస్సు ఏ ప్లాట్‌ఫారం మీదికి వస్తుందో పొద్దస్తమానం మైకులో చెప్పీ చెప్పీ వస్తుంది కాబట్టి, గొంతు దాచుకోవడానికి ఇంట్లో సైగలతోనే కాపురం చేస్తుంది. ఉప్పు కావాలన్నా వేలు చూపించడమే. మా బావ దీనికి అలవాటుపడి, తన మాటలూ ఆవిడ మాటలూ రెండూ తనే మాట్లాడేస్తుంటాడు.

స్టాండులో అందరూ ఆవిణ్ణి మైకమ్మ అంటారు. గొంతు తెలియనివాళ్ళు లేరు, మొహం తెలిసినవాళ్ళు లేరు. ఆవిడ గది అగ్గిపెట్టంత. తలుపు మూసుకుని, తలకింత నూనె పెట్టుకుని, వెలిసిపోయిన డ్రెస్సులో, కాళ్ళు స్టూలు మీద పెట్టుకుని హాయిగా ఉద్యోగం చేసుకునేది.

ఆ హాయి మీద కొత్త మేనేజరు కన్ను పడింది. వచ్చీ రాగానే ఆయన హాల్లో పెద్ద తెర పెట్టించాడు. ఏ వైపు బస్సులు ఎక్కడ ఆగుతాయో ఒక మనిషి కనిపిస్తూ చెప్పాలట, అది రోజంతా తెరమీద తిరుగుతుండాలట. శుక్రవారం రికార్డింగు. అక్క మొహం తెరకు పనికొస్తే సరే, లేకపోతే ఇంకో స్టాండు నుంచి ఒకమ్మాయిని తెప్పించి తెరా, మైకూ రెండూ ఆ అమ్మాయికే అప్పగిస్తాడట. అక్కను పార్సిలు గదికి పంపిస్తాడట, మూటలకు చీటీలు అతికించడానికి.

ఆ సాయంత్రం అక్క తిన్నగా నా పార్లరుకొచ్చి, ఖాళీగా ఉన్న కుర్చీలో కూలబడింది.

"నా మైకు పోతుందే," అంది.

పని అయిపోయాక ఆవిడ నోటివెంట మాట విని ఎన్నాళ్ళయిందో. మైకు ఎక్కడికీ పోదు, నీ మొహం నాకొదిలెయ్ అని ధైర్యం చెప్పాను.

మర్నాటి నుంచి అక్కావాళ్ళిల్లు స్టూడియో అయిపోయింది. బల్లమీద డబ్బాలు పేర్చి వాటికి నా ఫోను ఆనించాను. అక్క ముందుగా తన డ్రెస్సుల్లో ఖరీదైనది, జిగేల్మనేది వేసుకొచ్చింది. లైటు పడగానే అది ఎంత మెరిసిందంటే ఫోన్లో డ్రెస్సే కూర్చుని ఉంది, పైన మెడా తలా ఉన్నాయో లేవో వెతుక్కోవాల్సి వచ్చింది. రెండోది సన్న గళ్ళది. మామూలుగా చూస్తే ముచ్చటైన బట్టే. ఫోన్లో ఆ గళ్ళన్నీ చీమల్లా పాకడం మొదలుపెట్టాయి, మా అమ్మకు కళ్ళు తిరిగి గోడ పట్టుకుంది. తెలుపైతే గౌరవంగా ఉంటుందని బావ పట్టుబట్టాడు. తెల్లది వేయిస్తే మొహం నల్లబడిపోయి, నాలుగు రోజులు జ్వరం పడి లేచినట్టు కనిపించింది. ఆఖరికి బీరువా అడుగునుంచి మెరుపూ గళ్ళూ లేని ముదురు నీలం డ్రెస్సొకటి లాగాను. అమ్మకది నచ్చలేదు, పరామర్శకు వెళ్ళేటప్పుడు వేసుకునే బట్టంది. ఫోన్లో చూసుకుని నోరు మూసుకుంది.

ఇక మొహం. ఫేషియల్ చేస్తే ఒకటి రెండు రోజులు చర్మం ఎర్రబడుతుంది కాబట్టి అది ముందే కానిచ్చేశాను. తల నూనె వదలగొట్టేసరికి నా చేతులు పడిపోయాయి. నేను కాస్త పక్కకు వెళ్ళేసరికి అమ్మ తన చేతివాటం చూపించి పౌడరు దట్టించింది, మొహం ఒక ఇంటిదీ మెడ ఇంకో ఇంటిదీ అయ్యాయి. అదంతా కడిగించి, మళ్ళీ మొదటికొచ్చాను. నవ్వమంటే అక్క పన్ను పీకించుకుంటున్నదానిలా పెదవులు సాగదీసింది. నవ్వడమంటే ఇలా అని బావ చేసి చూపించాడు. ఆయన నవ్వు చూశాక అక్కదే నయమనిపించింది.

ఇంత హడావిడిలోనూ అక్క నోరు మెదపలేదు. శుక్రవారానికి గొంతు దాచుకుంటోందని మేమూ మాట్లాడించలేదు. కొంప ముంచింది ఆ మర్యాదే.

శుక్రవారం మేకప్పు పెట్టె పట్టుకుని నేనూ అక్క వెంట వెళ్ళాను. మేనేజరు గదిలో లైట్లు పెట్టారు. చప్పుడు మైకులో పడుతుందని కెమెరా అతను ఫ్యాను ఆపించాడు. నిజం చెప్పొద్దూ, నీలం డ్రెస్సులో, విడిచిన జుట్టుతో మా అక్క ఎంత బాగుందో. పై ఆఫీసు నుంచి ఎవరో పెద్దావిడ వచ్చిందనుకుని మేనేజరు గబుక్కున లేచి నిలబడ్డాడు. నా ఛాతీ పొంగిపోయింది.

కెమెరా తిరిగింది. అక్క ఒక చెవి మీద చెయ్యి పెట్టుకుంది, రెండు కళ్ళూ గట్టిగా మూసుకుంది, మొదలుపెట్టింది. గొంతు గలగలా పారింది. నేను ప్రాణం పెట్టి దిద్దిన కళ్ళు మాత్రం మూతపడే ఉన్నాయి.

కళ్ళు తెరవండి మేడం, అన్నాడు కెమెరా అతను. తెరిచింది. ఎదురుగా కెమెరా కనిపించగానే తడబడింది. కొండవైపు బస్సును సముద్రంవైపు పంపింది, సముద్రంవైపు బస్సును అసలు రద్దే చేసింది. కళ్ళు మూస్తే అంతా సవ్యం, తెరిస్తే అంతా తలకిందులు. ఎన్నిసార్లు తీసినా అంతే. నాకు ఒళ్ళు మండింది. ఇన్నేళ్ళూ కళ్ళు మూసుకునే ఉద్యోగం చేశావా, ఆ ముక్క ముందే చెప్పొద్దా అని అందరి ముందూ అడిగేశాను.

"కళ్ళు మూసుకుంటేనే వాళ్ళు కనిపిస్తారే," అంది అక్క. "సంచులు పట్టుకుని దిక్కులు చూస్తుంటారు కదా, వాళ్ళకి చెప్తాను. ఈ గాజుముక్కకి ఏం చెప్పను?"

ఇంటిల్లిపాదీ కలిసి బట్టలు మార్చాం, తల కడిగాం, నవ్వు నేర్పాం. ఏదీ, ఒక్క అనౌన్స్‌మెంటు చెప్పు అని అడిగిన పాపాన ఎవరూ పోలేదు. మేనేజరు గొంతు సవరించుకుని, పార్సిలు గదికి గాలీ వెలుతురూ బాగా వస్తాయండీ, అన్నాడు. అక్క మొహంలో నెత్తురు చుక్క లేదు. చెమటకు కాటుక కారింది, చేత్తో తుడుచుకునేసరికి పౌడరంతా ఒక పక్కకు పోయింది, జుట్టు నుదుటికి అంటుకుంది. ఉక్కకు తట్టుకోలేక నేను తలుపు తెరిచాను.

రికార్డింగు పుణ్యమా అని చాలాసేపటి నుంచి స్టాండులో అనౌన్స్‌మెంట్లే లేవు. హాలంతా గందరగోళం. తెరిచిన తలుపులోంచి ఒక ముసలావిడ సంచితో సహా లోపలికొచ్చేసి, సరిగ్గా కెమెరా పక్కన నిలబడి, పెద్దాసుపత్రి బస్సెక్కడమ్మా అని అడిగింది. కెమెరా అతను చిరాకులో మిషను ఆపడం కూడా మరిచిపోయాడు.

"నాలుగో ప్లాట్‌ఫారం పెద్దమ్మా," అంది అక్క, ఆవిణ్ణే చూస్తూ. "బయటికెళ్ళి కుడిచేతి వైపు నడువు. కంగారుపడకు, బస్సు ఇంకా రాలేదు."

ముసలావిడ అంతటితో వదిలితేనా. కొండవైపు నుంచి కొడుకొస్తాడు, ఎక్కడ దిగుతాడంది. కోడలు సముద్రంవైపు వెళ్ళాలి, ఎక్కడెక్కాలంది. అక్క ఒక్కొక్కటే విడమరిచి చెప్పింది, ముఖ్యమైనది రెండుసార్లు చెప్పింది, అర్థమైందా అన్నట్టు కనుబొమలెత్తి ఆగింది. కళ్ళు తెరుచుకునే ఉన్నాయి. ఒక్క బస్సూ దారి తప్పలేదు.

ఊళ్ళోవాళ్ళ మొహాలన్నీ నా చేతులమీదుగానే వెళ్ళాయి. మా అక్క పని చేస్తున్నప్పుడు ఆవిడ మొహం ఎలా ఉంటుందో మాత్రం ఒక్కనాడూ చూసి ఎరగను. కారిన కాటుకతో, చెదిరిన జుట్టుతో, ఎంత ఆపేక్షగా ఉందో ఆ మొహం. నాకు ఏడుపొచ్చేసింది.

ముసలావిడ వెళ్ళాక మేనేజరు తీసిందంతా వేయించుకుని చూశాడు. చూసి, చెప్పడమంటే ఇలా చెప్పాలండీ, ఇక తెరా, మైకూ రెండూ మీవే, అన్నాడు. అక్క కుర్చీలో అమాంతం వెనక్కి వాలిపోయింది. ఆయన అంతటితో ఊరుకోక నావైపు తిరిగాడు. ఆ కాటుకా జుట్టూ కాస్త సరిచేస్తే, ఇదే ఇంకోసారి తీసేద్దామన్నాడు.

"వద్దండీ. ఒక్క వెంట్రుక కూడా ముట్టుకోను. అదే ఉంచండి," అన్నాను.

ఆయన నా చేతిలోని మేకప్పు పెట్టెవైపు ఎగాదిగా చూశాడు.

"మరి మీరెందుకొచ్చినట్టమ్మా?"

"మా అక్కను చూడ్డానికొచ్చానండీ," అన్నాను.