కరుణమ్మ గారూ, నా అబద్ధమూ

ఆ కూత చాలా సన్నగా ఉంటుంది. వీధిలో ఆటో వెళ్తుంటే వినపడనే పడదు. పోయిన వారం గుడివాడలో నా క్లినిక్‌లో, తువ్వాలు పరిచిన బల్ల మీద ఒక గినీ పిగ్ వీపు గూనిలా పైకెత్తి, రెండు చుక్కల మూత్రం పోస్తూ అలా కూసింది. చుక్కలు ఆగగానే కూతా ఆగింది. ఆకలేసినప్పుడు కూడా ఇలాగే అరుస్తుందని దాన్ని తెచ్చిన ఆవిడ చెప్పింది. ఆకలి కూత వేరు, ఇది వేరు. ఆ తేడా నాకు నేర్పిన మనిషి ఇప్పుడు లేరు. దాన్ని నేను ఏం చేసి నేర్చుకున్నానో తలుచుకుంటే ఇప్పటికీ ముఖం ఎక్కడైనా దాచుకోవాలనిపిస్తుంది.

నాకు నేర్పింది డాక్టర్ కరుణ. బందరులో అందరికీ కరుణమ్మ గారు. నాగాయలంక దగ్గర ఒక పల్లెలో పుట్టారు. తండ్రి పొలం కూలికి వెళ్తూ, ఆదివారాలు చర్చిలో గంట కొట్టేవారట. ఆ ఇంట్లో కాలేజీ గుమ్మం తొక్కిన మొదటి మనిషి ఈవిడే. ముప్ఫై ఏళ్లకు పైగా దివిసీమ పల్లెల్లోనూ, కృత్తివెన్ను వైపూ ప్రభుత్వ పశువైద్యురాలిగా తిరిగారు. మోకాలి లోతు బురదలో నిలబడి గేదెలకు పురుళ్లు పోశారు. రిటైరయ్యాక బందరులో రెండు గదులు అద్దెకు తీసుకుని క్లినిక్ పెట్టారు. చదువు పూర్తవగానే నేను చేరింది అక్కడే.

కరోనా తర్వాత ఊళ్లో పిల్లలకు గినీ పిగ్‌లు కొనిపెట్టడం మొదలైంది. మొదటిసారి ఒకాయన మూత్రంలో నెత్తురు పడుతోందంటూ ఒకదాన్ని తెచ్చినప్పుడు కరుణమ్మ గారు దాన్ని ఒళ్లో పెట్టుకుని కాసేపు చూశారు. "ఈ ప్రాణి గురించి నాకు తెలిసింది తక్కువండీ. తెలిసినవాళ్లని ఫోన్‌లో అడిగి ఇప్పటికి నొప్పి తగ్గేట్టు చూస్తాను. మిగతాది చదువుకుని రేపు చెప్తాను" అన్నారు. పక్కనున్న నాకు తల కొట్టేసినట్టయింది. డాక్టరై ఉండి తెలియదని చెప్పుకోవడమేమిటి, ఆయన రేపు మళ్లీ వస్తాడా అనుకున్నాను. ఆయన వచ్చాడు. ఆవిడ అప్పటికే నాలుగు పేజీల నోట్సు రాసుకుని కూర్చున్నారు.

ఆ తర్వాత నాకు నేర్పడం మొదలుపెట్టారు. ఆకలి కూత ఎలా ఉంటుందో, నొప్పి కూత ఎలా ఉంటుందో వినిపించి చెప్పారు. పొట్ట కింద వేళ్లు ఎలా పెట్టాలో, మూత్రాశయాన్ని పచ్చిగుడ్డు పట్టుకున్నంత మెత్తగా ఎలా తడమాలో చూపించారు. వీటికి కాల్షియం పేరుకుని రాళ్లు పడతాయని, అందుకే ఎక్స్‌రే తీయకుండా మాట్లాడకూడదని చెప్పారు. గరిక, ఎండుగడ్డి, నీళ్లు ఎంత పెట్టినా పరవాలేదని, పాలకూర మాత్రం రోజూ పెట్టకూడదని చెప్పారు. అన్నిటికన్నా ముఖ్యంగా, పెన్సిలిన్ జాతి మందులు వీటికి నోట్లో పోస్తే పేగుల్లో మంచి క్రిములు చచ్చి ప్రాణం మీదికి వస్తుందని చెప్పి, అలా పోయకూడని మందుల పేర్లు కాగితం మీద రాసి అల్మారా తలుపు లోపల అంటించారు. నేను తలూపాను. గేదెల డాక్టరు ఎలకలాంటి జంతువు గురించి ఇంత హడావుడి చేస్తోందేమిటని లోపల నవ్వుకున్నాను కూడా.

ఒక వేసవిలో ఆవిడ చెల్లెలికి ఆపరేషన్ అయితే వారం రోజులు అవనిగడ్డలో ఉండాల్సి వచ్చింది. క్లినిక్ నాకు అప్పగించి వెళ్లారు. మూడో రోజు పెడన నుంచి కుమారి గారు వచ్చారు. నలభై అయిదేళ్లుంటాయి. కలంకారీ అచ్చులు వేసే పని. ఒంటరి మనిషి. ఇల్లు ఖాళీ చేసి వెళ్తూ పక్కింటివాళ్లు వదిలేసిన గినీ పిగ్‌ను పెంచుకుంటున్నారు. పేరు చిన్నమ్మి. రెండు రోజులుగా మూత్రం పోసేటప్పుడు ఏడుస్తోందని, నెత్తురు పడుతోందని చెప్పి, మరక ఉన్న తెల్లగుడ్డ ముక్క సంచిలోంచి తీసి చూపించారు.

బయట ఖరీదైన కుక్కతో ఒక కాంట్రాక్టరు ఎదురుచూస్తున్నాడు. నేను గుడ్డ వైపు సరిగా చూడలేదు. ఆకుకూరలు తింటే వీటి మూత్రం ఎర్రగానే వస్తుందని, అది రంగేనని చెప్పాను. ఆవిడ కదల్లేదు.

"రంగు కాదండీ. ముప్ఫై ఏళ్ల నుంచీ నా చేతుల్లో ఉండేది ఎరుపే. ఇది ఆరాక గోధుమరంగుకి తిరిగింది చూడండి. నెత్తురే."

నాకు చిరాకేసింది. అచ్చులు వేసే ఆవిడ నాకు చెప్పేదేమిటి అనిపించింది. చిన్నమ్మి పొట్ట తడమలేదు. ఎక్స్‌రే మాట ఎత్తలేదు. ఏదో ఇన్‌ఫెక్షన్ అయి ఉంటుందని, కుక్కపిల్లలకు ఇచ్చే యాంటీబయాటిక్ సిరప్ కొలత తగ్గించి ఇచ్చాను. అల్మారా తలుపు తీసి, కాగితం పక్కనుంచే సీసా అందుకున్నాను. నొప్పికి కూడా ఏమైనా ఇస్తారా అని ఆవిడ అడిగితే, ఇంత చిన్న ప్రాణికి అవసరం లేదన్నాను.

మందు మొదలుపెట్టిన నాలుగో రోజు ఉదయం ఆవిడ బుట్టతో వచ్చారు. చిన్నమ్మి చల్లబడిపోయింది. వెనక భాగమంతా విరేచనంతో తడిసి ఉంది. నేను సెలైన్ ఎక్కించడానికి సూది తీస్తుండగానే నా చేతిలో ప్రాణం పోయింది. ఆ క్షణంలో అల్మారా తలుపు మీది కాగితం గుర్తొచ్చింది.

కుమారి గారు బుట్ట అంచు పట్టుకుని, "రోజూ పాలకూర పెట్టానండీ. ఇష్టంగా తింటుందని. దానివల్లేనా?" అని అడిగారు.

నేను చెప్పిన మాట నాకు అక్షరం పొల్లు పోకుండా గుర్తుంది. "పాలకూర పెట్టకూడదు కదండీ. రాళ్లు పడతాయి."

అందులో ఒక్క ముక్కా తప్పు కాదు. అయినా నా జీవితంలో అంతకంటే పెద్ద అబద్ధం చెప్పలేదు. ఆవిడ ఏడవలేదు. తలూపి, తువ్వాలు జాగ్రత్తగా కప్పి, బుట్ట తీసుకుని బస్సుకు వెళ్లిపోయారు. నేను కార్డు మీద "రాళ్లు, మేత లోపం" అని రాసి పెట్టేశాను.

కరుణమ్మ గారు తిరిగొచ్చాక కుమారి గారే మళ్లీ వచ్చారు. పాలకూర పెట్టొద్దని అందరికీ తెలిసేట్టు గోడ మీద రాయించమని, తనలా ఇంకొకరు చేయకూడదని చెప్పడానికి వచ్చారు. మిగిలిన సిరప్ ఇంకెవరికైనా పనికొస్తుందేమోనని సీసా బల్ల మీద పెట్టారు. కరుణమ్మ గారు సీసా తిప్పి పేరు చదివారు. నా వైపు చూశారు. నేను చెబుతానని ఆగారని ఇప్పుడు తెలుస్తోంది. నేను నేల చూశాను.

ఆవిడ లేచి వెళ్లి కుమారి గారి పక్కన బెంచీ మీద కూర్చున్నారు. "పాలకూర వల్ల కాదమ్మా చచ్చిపోయింది. ఈ మందు దానికి ఇవ్వకూడదు. మేం ఇచ్చాం. తప్పు మాది" అన్నారు. మేం అన్నారు, మాది అన్నారు. నా పేరు ఎత్తలేదు. కుమారి గారు సంచి తీసుకుని లేచారు. వెళ్తూ నా వైపు ఒక్కసారి చూసి, అడగాలనుకున్నదేదో అడగకుండానే వెళ్లిపోయారు.

తిడతారనుకున్నాను, ఉద్యోగం పోతుందనుకున్నాను. కరుణమ్మ గారు గొంతు పెంచలేదు. తన సర్వీసు మొదట్లో ఒక కౌలురైతు పాడిగేదె తన చేతిలో పోయిందని, ఆ ఇంటికి వెళ్లి చెప్పడానికి తనకు మూడు రోజులు పట్టిందని చెప్పారు. ఆ మూడు రోజులూ ఆ రైతు, దాణాలో తేడా చేసిందని పెళ్లాన్ని తిడుతూనే ఉన్నాడట. తర్వాత నాతో అన్నది ఇంతే. "మందు తప్పు నేను చెప్పాను రఘూ. అబద్ధం నీది. అది నేను చెప్పలేను."

మూడు రోజులు కాదు, నాకు రెండు నెలలు పట్టింది. రోజూ ఆవిడ ఏమైనా అంటారేమోనని చూసేవాణ్ని. ఏమీ అనేవారు కాదు, పని నేర్పడమూ మానలేదు. చివరికి ఒక ఆదివారం పెడన బస్సెక్కాను. కుమారి గారు వాకిట్లో గుడ్డలు ఆరేస్తున్నారు. నిలబడే చెప్పాను. నొప్పి అని మీరు చెబుతున్నా నేను వినలేదని, పాలకూర మాట అన్నప్పటికే కారణం నాకు తెలుసునని, తెలిసే అన్నానని చెప్పాను.

ఆవిడ చేతిలో గుడ్డ దులిపి తాడు మీద వేశారు. "సరిగా చూసుంటే బతికేదాండీ?" అన్నారు.

రాయి ఉంటే ఆపరేషన్ కావాల్సి వచ్చేదేమో, చెప్పలేనన్నాను. కానీ అంత నొప్పి పడాల్సిన పని మాత్రం లేదన్నాను.

"ఆ మందు తాగనని మొహం తిప్పేసుకునేదండీ. నేనే దవడ పట్టుకుని పోశాను. డాక్టరు గారు ఇచ్చారు కదా, తాగమ్మా అని బతిమాలి మరీ పోశాను."

క్షమించానని ఆవిడ అనలేదు. కూర్చోమనీ అనలేదు. ఇంటి ముందుకు వచ్చిన మనిషి కాబట్టి గ్లాసుతో మంచినీళ్లు ఇచ్చారు. తాగి వచ్చేశాను. మర్నాడు కరుణమ్మ గారికి చెబితే, తలూపి, ఆ కార్డు తీసి సరిగా రాయమన్నారు. రాశాను. కుమారి గారు మళ్లీ ఏ జంతువునూ పెంచలేదని తర్వాత తెలిసింది.

కరుణమ్మ గారు రెండేళ్ల క్రితం పోయారు. సొంత ఊరి చర్చి వెనకే సమాధి. ఆవిడ గురించి అడిగినవాళ్లకు గేదెల కథలు చెబుతాను, అరవై దాటాక కొత్త జంతువు గురించి నేర్చుకున్న సంగతి చెబుతాను. నా మందు పొరపాటు కూడా చెబుతాను, అది చెప్పడం అలవాటైపోయింది. పాలకూర మాట మాత్రం ఎవరికీ చెప్పలేదు. రాయడం ఇదే మొదటిసారి.

ఇప్పుడు నా బల్ల మీదికి ఏ ప్రాణి వచ్చినా ముందు నొప్పికి చూస్తాను, తెచ్చినవాళ్లు చెప్పింది వాళ్ల మాటల్లోనే కార్డు మీద రాస్తాను. అది ఆవిడ పెట్టిన అలవాటు. అయినా కొన్ని పోతాయి. పోయినప్పుడు ఇంటివాళ్లు తప్పకుండా అడుగుతారు, మేం చేసిందేమైనా ఉందా అని. ముందు నేనేం చేశానో మొదటి నుంచి చెప్పి, ఆ తర్వాతే వాళ్ల సంగతికి వస్తాను.