లెక్కపెట్టని ఊపిరి

వార్డులో ఆ పిల్లను అందరూ స్లైడ్లమ్మ అనేవారు. ఎదురుగా కాదు, వెనకాల. ఎదురుగా మేడం అనేవారు, అదీ మూతి కాస్త వంకరగా పెట్టి. నర్సింగులో డిగ్రీ చదివి, రెండేళ్ళు ఉద్యోగం చేసి, అది చాలక పై చదువుకు సీటు తెచ్చుకుంది. పై చదువు అన్నాక థీసిస్ అని ఒక పుస్తకం రాయాలి. చెప్పదలచుకున్నది నాలుగు మాటలే అయినా నూటయాభై పేజీలకు తక్కువ కాకూడదట. చదువుకున్నవాళ్ళ సంగతి అంతే, గుప్పెడు గింజలు పోసి గంపెడు పొట్టు తూకం వేస్తారు.

స్లైడ్లమ్మ ఎత్తుకున్న సంగతి మాత్రం పొట్టు కాదు, గింజే. అది ఊపిరి. మనిషికి ప్రాణం మీదికి వచ్చేటప్పుడు అన్నిటికన్నా ముందు ఊపిరి చెబుతుంది. నిమిషానికి పన్నెండు నుంచి ఇరవై దాకా ఆడాల్సింది పాతిక దాటిందంటే ఒంట్లో ఎక్కడో నిప్పు అంటుకున్నట్టే. బీపీ చెప్పడానికి యంత్రం ఉంది, జ్వరం చెప్పడానికి యంత్రం ఉంది. ఆ వార్డులో ఊపిరి లెక్క మాత్రం మనిషే నిమిషం నిండా నిలబడి, పొట్ట ఎన్నిసార్లు లేచిందో చూసి చెప్పాలి. నిలబడే తీరిక ఎవరికి ఉంది? అందుకే మంచం చివర వేలాడే కాగితంలో ఊపిరి గడి నిండా ఒకటే అంకె ఉంటుంది, ఇరవై. ఇంటికి పోయేవాడికీ ఇరవై, పైకి పోయేవాడికీ ఇరవై.

ఇదే ఆమె పట్టుకుంది. మూడు నెలలు వార్డులో మూల కూర్చుని ఏ నర్సు లెక్కపెట్టింది, ఏ నర్సు పెట్టలేదు అని గీతలు గీసుకుంది. ఆ తరువాత అందరినీ ఒక గదిలో కూర్చోబెట్టి గోడ మీద స్లైడ్ల బొమ్మలు వేసి పాఠం చెప్పింది. ఒక బొమ్మలో 'ఇరవై' అంకె గోడంత ఎర్రగా వెలిగింది. కుర్ర నర్సులు కిసుక్కున నవ్వారు. పెద్దవాళ్ళు తలలు దించుకున్నారు. స్లైడ్లమ్మ అనే పేరు ఆ పూట పుట్టిందే.

పాఠం అయ్యాక పెద్ద సిస్టర్ దగ్గరికొచ్చింది. ముప్ఫై ఏళ్ళ సర్వీసు, మోకాళ్ళు అరిగినా కళ్ళు అరగని మనిషి.

"బాగా చెప్పావమ్మా. ఒక్కటి మర్చిపోయావు."

"ఏంటి సిస్టర్?"

"లెక్కపెడుతున్నామని పేషెంటుకి తెలియకూడదు. తెలిసిందా, ఊపిరి మారిపోతుంది. ఫొటో తీస్తున్నామంటే మొహం బిగుసుకుపోదూ, అలా. చెయ్యి పట్టుకుని నాడి చూస్తున్నట్టు ఉండు. కళ్ళు మాత్రం పొట్ట మీద పెట్టు."

"అది నా రెండో చాప్టర్‌లో ఉంది సిస్టర్."

"ఉంటుందిలే," అని పెద్ద సిస్టర్ వెళ్ళిపోయింది. ఆ 'లే' లో ఉన్న చురక అప్పుడు స్లైడ్లమ్మకు తగలలేదు.

ఆ పిల్లకు తల పొగరు పుట్టుకతో వచ్చింది కాదు, పెంపకంతో వచ్చింది. పెంచింది పెద్దమ్మ. కాలేజీ గేటు పక్కనే ఆమెకు జిరాక్సు కొట్టు. ఏళ్ళ తరబడి పై చదువుల పిల్లల థీసిసులన్నిటికీ అట్టలు వేసి, బంగారు రంగు అక్షరాలు అద్దింది ఆమే. "ఎవరెవరి పిల్లల పుస్తకాలకో అట్టలు వేశాను, ఇక మా పిల్ల పుస్తకానికి వేస్తాను" అని కొట్టుకొచ్చినవాళ్ళందరికీ చెప్పేది. రెండు కాగితాలు జిరాక్సు తీయించుకుని పోదామని వచ్చినవాళ్ళు కూడా ఆ కథ పూర్తిగా విన్నాకే బయటపడాలి.

పాఠం తరువాత అసలు పని మొదలైంది. నూట ఇరవై మంది రోగులు. ఒక్కొక్కరికి అయిదు రోజులు, రోజుకు నాలుగుసార్లు ఊపిరి లెక్కపెట్టి రాయాలి. ఆమె రాసిన అంకే మంచం కాగితంలోకీ ఎక్కుతుంది, థీసిస్‌లోకీ ఎక్కుతుంది. నెల రోజులు నిజాయితీగానే లెక్కపెట్టింది. అంతలో పుస్తకం ఇవ్వాల్సిన గడువు రెండు నెలలు తగ్గిపోయింది. థీసిస్ రాయించే గైడు మేడం ఫోన్లో, "అందరికీ ఉన్న కష్టమే కదమ్మా, చూసుకో" అంది. ఆ చూసుకోవడంలో వార్డు డ్యూటీ ఉంది, జూనియర్లకు పాఠాలు ఉన్నాయి, వారానికో సెమినారు ఉంది.

మొదట అర నిమిషం లెక్కపెట్టి రెట్టింపు చేసింది. ఆ తరువాత పావు నిమిషం. ఆ తరువాత మొహం చూసి అంకె వేసింది. చివరికి చెయ్యి పట్టుకుని, నాడి చూస్తున్నట్టు నటించి, ఊపిరీ చూడక, నాడీ చూడక, రెండో చేతిలోని ఫోను చూసుకునే దాకా వచ్చింది. మెట్లు ఎక్కేటప్పుడు లెక్క తెలుస్తుంది గానీ, దిగేటప్పుడు ఎవరికి తెలుస్తుంది?

చదువుకున్న పిల్ల కదా, తప్పు కూడా చదువుకున్నట్టే చేసింది. అర నిమిషం చూసి రెట్టింపు చేసేవాళ్ళకు ఎప్పుడూ సరి అంకెలే వస్తాయి, పద్దెనిమిది, ఇరవై, ఇరవై రెండు. నిమిషం నిండా నిలబడినవాళ్ళకే పందొమ్మిది, ఇరవై ఒకటి లాంటి బేసి అంకెలు పడతాయి. ఈ కిటుకు ఆమెకు ఆమె థీసిసే నేర్పింది. అందుకని పదిహేడు, పందొమ్మిది, ఇరవై ఒకటి కలగలిపి చల్లింది. పట్టుబడకుండా ఎలా ఉండాలో దొంగకు పోలీసే పాఠం చెప్పినట్టు అయింది.

ఆరో నంబరు మంచం మీదికి కండక్టరుగారు వచ్చారు. ముప్ఫై రెండేళ్ళు బస్సుల్లో టిక్కెట్లు కొట్టి రిటైరైన మనిషి, ఊపిరితిత్తుల్లో నిమ్ము. నోరు మాత్రం బాగానే ఆడేది. మూడో రోజు పొద్దున పదింటికి స్లైడ్లమ్మ ఆయన చెయ్యి పట్టుకుంది.

"ఆయాసంగా ఉందమ్మా ఇవాళ."

"ఏం కాదు బాబాయిగారూ. దిండు ఎత్తుగా పెట్టుకోండి."

"మంచినీళ్ళకి లేచినా రొప్పు వస్తోంది."

"మందులు పడుతున్నాయి కదా, తగ్గిపోతుంది." ఫోనులో గైడు మేడం మెసేజీ. నాలుగో చాప్టర్ ఎప్పుడు ఇస్తావని. జవాబు రాసింది, చెయ్యి వదిలింది, గడిలో పందొమ్మిది వేసింది.

"అప్పుడే అయిపోయిందా? మా చెకింగ్ ఇన్‌స్పెక్టరు కూడా ఇంత తొందరగా దిగేవాడు కాదు," అన్నాడాయన. ఆమె నవ్వి ఏడో మంచానికి వెళ్ళింది. విద్యార్థులు రాసినదాని కింద వార్డు సిస్టర్ సంతకం ఉండాలి. పెద్ద సిస్టర్ అంకె చూసింది, సంతకం పెట్టింది.

పన్నెండున్నరకు కండక్టరుగారు బాత్‌రూం తలుపు దగ్గర కూలిపోయాడు. పెదాలు నీలం రంగుకు తిరిగాయి. ఊపిరి నిమిషానికి ముప్ఫై ఎనిమిది. చక్రాల మంచం మీద ఎక్కించి ఐసీయూకు పరుగెత్తించారు. ఆయన భార్య ఒక చెప్పు వార్డులోనే వదిలేసి ఆ మంచం వెంట పరుగెత్తింది. ఆ ఒంటి చెప్పు గుమ్మంలో అలాగే పడి ఉంటే స్లైడ్లమ్మ దాన్ని గోడ పక్కకు జరిపింది. ఆ పూట ఆమె చేసిన పని అదొక్కటే.

ఆయన పోలేదు. అది ఆమె అదృష్టం, ఆయనది కూడా. కానీ పదింటికి పందొమ్మిది ఉన్న ఊపిరి రెండున్నర గంటల్లో ముప్ఫై ఎనిమిదికి ఎలా ఎక్కిందని పెద్ద డాక్టరు అడిగాడు. అది జరిగిన మూడో రోజున సూపరింటెండెంటు గదిలో విచారణ పెట్టారు. మెమో వచ్చింది పెద్ద సిస్టర్ పేరు మీద, కాగితం కింద సంతకం ఆమెది కదా మరి. రిటైర్మెంటుకు పద్నాలుగు నెలలున్న మనిషికి అంతవరకు ఒక్క మెమో లేదు.

"నువ్వు లెక్కపెట్టావా అమ్మా?" అని సూపరింటెండెంటు స్లైడ్లమ్మను అడిగాడు.

"పెట్టాను సార్," అంది. ఆ మాట నోట్లోంచి ఎంత సులువుగా వచ్చిందో చూసి ఆమెకే భయం వేసింది.

అప్పుడు పెద్ద సిస్టర్ కల్పించుకుంది. "సార్, మెమో నాకివ్వండి, తీసుకుంటాను. ఈ అమ్మాయిని మాత్రం అనుమానించకండి. అర నిమిషం చూసేవాళ్ళు సరి అంకెలు వేస్తారు. ఈ అమ్మాయి కాగితాలు చూడండి, పదిహేడు, పందొమ్మిది, ఇరవై ఒకటి. నిమిషం నిండా నిలబడితేనే అలా వస్తాయి. ఆ బేసి అంకెలు చూసే నేను మళ్ళీ చూడకుండా సంతకాలు పెట్టేదాన్ని. మా వార్డు పిల్లలకి కూడా ఈమెని చూసి నేర్చుకోమని చెబుతుంటాను."

చెంప దెబ్బ అయితే ఎర్రబడి ఊరుకుంటుంది. ఇది లోపలికి దిగింది. తాను వల పన్నింది థీసిస్ దిద్దే ఎవరో ముక్కూ మొహం తెలియని పరీక్షాధికారి కోసం అనుకుంది. అందులో చిక్కింది వార్డులో తనను నమ్మిన ఒకే ఒక్క మనిషి. స్లైడ్లమ్మ నేల మీది పలకల్ని చూస్తూ నిలబడింది. విచారణ మర్నాటికి వాయిదా పడింది.

సాయంత్రం కొట్టుకు వెళ్ళింది. పెద్దమ్మ ఎవరిదో థీసిస్‌కు జిగురు రాస్తోంది.

"పెద్దమ్మా, నా పుస్తకంలో అంకెలు నిజం కాదు."

"ఏ అంకెలే?"

అంతా చెప్పింది. పెద్దమ్మ కుంచె పక్కన పెట్టింది. తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది.

"ఆయన బతికాడా?"

"బతికాడు."

"నింద ఆ సిస్టరమ్మ మీదకి వచ్చిందా?"

"ఊఁ."

పెద్దమ్మ అరల్లో వరసగా పేర్చి ఉన్న అట్టల వంక చూసింది. "ఇన్నేళ్ళనుంచి అట్టలు వేస్తున్నాను. లోపల ఏముందో ఒక్కటీ చదవలేదు. చదివినా నాకు తెలిసేది కాదులే. అన్నీ ఇంతేనా ఏమిటే?"

"కాదు పెద్దమ్మా. నాదే."

"అయితే ఆ మాట ఇక్కడ నాకు చెబుతావేం? నేనేమైనా మెమో ఇచ్చానా?" అని మళ్ళీ కుంచె అందుకుంది. ఆ పూట కొట్టుకు వచ్చినవాళ్ళకు థీసిస్ కథ వినే పని తప్పింది.

మర్నాడు విచారణకు ఇంకా గంట ఉందనగా స్లైడ్లమ్మ వార్డుకు వెళ్ళింది. కండక్టరుగారిని ఆ పొద్దునే ఐసీయూ నుంచి తెచ్చారు. ముక్కుకు గొట్టం, ఒళ్ళంతా నీరసం. ఆమెను చూసి పక్కకు రమ్మని సైగ చేశాడు.

"నువ్వు ఫోను చూసుకున్నావని నేనెవరికీ చెప్పలేదులే అమ్మాయ్. భయపడకు," అన్నాడు మెల్లిగా. "చదువుకునే పిల్లవి."

తిట్టని పెద్దమ్మ ఒకరు, వెనకేసుకొచ్చిన సిస్టర్ ఒకరు, దాచిపెట్టిన రోగి ఒకడు. ముగ్గురి మంచితనం మధ్య ఆ పిల్లకు నిలబడడానికి జానెడు చోటు లేకపోయింది. అక్కడినుంచి తిన్నగా పెద్ద సిస్టర్ బల్ల దగ్గరికి వెళ్ళింది. పక్కన ఇద్దరు కుర్ర నర్సులు ఉన్నారు. వాళ్ళు వెళ్ళేదాకా ఆగుదామనుకుంది. ఆగితే మళ్ళీ ఆగిపోతానని తెలుసు.

"సిస్టర్, నేను లెక్కపెట్టలేదు. పందొమ్మిది ఊరికే వేశాను."

పెద్ద సిస్టర్ తలెత్తింది. "ఆ ఒక్కటేనా?"

"కాదు. చాలా."

"ఎన్ని?"

"తెలియదు సిస్టర్."

"తెలియదా?"

"ఏవి నిజంగా చూశానో, ఏవి వేసేశానో... ఇప్పుడు నాకే తేడా తెలియట్లేదు."

కుర్ర నర్సుల్లో ఒకతె నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. పెద్ద సిస్టర్ మొహం మెల్లగా మారింది. కోపం రావడానికి ముందు ఆ మొహం మీద ఇంకేదో వచ్చి పోయింది. నిన్న పదిమందిలో తాను చెప్పిన మాటలు గుర్తొచ్చి ఉంటాయి.

"ఆ బేసి అంకెలు?"

"కావాలనే వేశాను."

"నా కోసమా?"

"మీ కోసం కాదు సిస్టర్. పరీక్షకి."

"దొరికింది నేనన్నమాట," అంది పెద్ద సిస్టర్. "పద. ఈ మాటే అక్కడ చెప్పు. నా కాళ్ళ మీద మాత్రం పడకు, మోకాళ్ళు నొప్పి, లేపలేను."

గదిలో చెప్పింది. ఈసారి ఒక్కో మాటా పళ్ళు పీకినట్టు బయటకు వచ్చింది. విచారణకు వచ్చిన గైడు మేడం కిటికీలోంచి బయటకు చూస్తూ ఉండిపోయింది. అంకెలన్నీ కొట్టేశారు, నిజమైనవి కూడా కొట్టేశారు, వేరు చేసి చెప్పే దిక్కు లేదు కాబట్టి. చదువు ఏడాది వెనక్కి పోయింది. నూట ఇరవై మందిని మళ్ళీ మొదటినుంచి చూడాలి. తోటివాళ్ళు పట్టాలు పుచ్చుకుంటుంటే ఆమె అదే వార్డులో ఉంటుంది. వీటన్నిటికీ ఆమె సిద్ధపడే వెళ్ళింది. సిద్ధపడనిది ఒక్కటి మిగిలింది. పెద్ద సిస్టర్ మెమో రద్దు కాలేదు. చూడకుండా సంతకం పెట్టడం కూడా తప్పే అన్నాడు సూపరింటెండెంటు. "అవును సార్, తప్పే," అంది పెద్ద సిస్టర్. ముప్ఫై ఏళ్ళ తెల్ల కాగితం మీద ఆ మరక అలాగే ఉండిపోయింది.

మరుసటి వారం నుంచి కొత్త పద్ధతి వచ్చింది. అది ఎవరూ రాసిపెట్టింది కాదు, పెద్ద సిస్టర్ పెట్టింది. స్లైడ్లమ్మ లెక్కపెట్టే ప్రతిసారీ ఆమె కూడా వచ్చి మంచానికి రెండో పక్క నిలబడుతుంది. ఒకరు కుడి చెయ్యి, ఒకరు ఎడమ చెయ్యి పట్టుకుంటారు. నిమిషం అయ్యాక ఇద్దరూ అంకె పైకి చెప్పాలి. కలిస్తేనే సంతకం.

వార్డంతా చూస్తుంది. కుర్ర నర్సులు మందుల బండి తోసుకుంటూ ఆ పక్క మెల్లగా నడుస్తారు. మొదటి రోజు ఒక ముసలాయన ఇద్దరినీ మార్చి మార్చి చూసి, "ఏం సిస్టరమ్మా, ఈ చేతిలో ఒక నాడి, ఆ చేతిలో ఒక నాడి ఉంటాయా?" అని అడిగాడు.

"ఉండవు తాతా. మాట్లాడకు," అంది పెద్ద సిస్టర్.

నిమిషం గడిచింది. "ఇరవై నాలుగు," అంది స్లైడ్లమ్మ.

"ఇరవై అయిదు."

ఆ పిల్ల చెవులు కాలిపోయాయి. తాను చూస్తూనే ఉంది, నిజంగానే చూస్తూ ఉంది, ఎక్కడో ఒక ఊపిరి జారిపోయింది. ఆ మాట చెప్పుకునే హక్కు తనకు లేదని తెలుసు.

"మళ్ళీ," అంది పెద్ద సిస్టర్.

స్లైడ్లమ్మ తల దించుకుని, చేతి గడియారంలో సెకన్ల ముల్లు పన్నెండు మీదికి వచ్చేదాకా ఆగింది.