డబ్బా చుట్టూ వదిలిన ఆకు

గుణదలలో మా పక్కింటికి రంగులు వేస్తున్నారు. పొద్దున్నే పరంజా కట్టడానికి సరుగుడు బాదులు దించారు. ఆ పచ్చి బెరడు వాసన కిటికీలోంచి రాగానే చేతిలో కాఫీ అలాగే చల్లారిపోయింది. ఇన్నేళ్లయినా ఆ వాసనకి నాకు శకుంతల మేడంగారు చీపురు పట్టుకుని నిలబడ్డ రోజే గుర్తొస్తుంది.

ఆవిడ మట్టి శాస్త్రవేత్త, నాకు మొదటి బాస్. ఎక్కడో కొండల్లో పైన్ అడవుల నేల ఎలా ఊపిరి వదులుతుందో చదివి వచ్చారు. మనకు సూదుల్లా ఆకు రాల్చేది సరుగుడే కదా అంటూ నన్ను బందరు దగ్గర సముద్రం ఒడ్డు తోటకు లాక్కుపోయారు. పని చూడ్డానికి పిల్లలాట. నేల మీద రేకు డబ్బా బోర్లించి, లోపల ఆ ఊపిరిని పీల్చుకునే సున్నపు గుళికలు పెట్టాలి. మర్నాటికి అవి ఎంత బరువెక్కితే నేల అంత ఊపిరి వదిలినట్టు. మండువేసవిలో నేల ఊపిరి బిగబట్టేది, తొలకరి పడగానే ఆయాసపడేది. రాలిన ఆకే దాని తిండి అనేవారు మేడం.

గొడవంతా ఆ ఆకు గురించే. ఒడ్డున చేపలవాళ్ల ఇళ్లలో పొయ్యి దానితోనే వెలిగేది. ఆడవాళ్లు రోజూ ఊడ్చి పోగుచేసుకునేవారు. ఊడిస్తే తోట పాడవుతుందని తోట బాగోగులు చూసే కమిటీ, ఆపేస్తే మా వంటెలాగని వాళ్లు. చివరికి మేడం ఏం తేలిస్తే అదేనని ఇద్దరూ ఒప్పుకున్నారు. రెండేళ్లు కొలిచాం. ఊడ్చిన చోటా ఊడ్చని చోటా ఊపిరి ఒక్కలాగే వచ్చింది, అంటే ఊడ్చినా నేలకి నష్టం లేదన్నమాట. ఆ మాట చెప్పగానే వాళ్లలో పెద్దావిడ నాంచారమ్మ మాకు రొయ్యల కూర వండి పెట్టి మరీ పంపింది.

రిపోర్టు ఇచ్చే ముందు డబ్బాలు తెచ్చుకుందామని వెళ్లాం. నాంచారమ్మ ఊడుస్తోంది. మా డబ్బా దగ్గరికి రాగానే చీపురు పక్కకు తిప్పి, చుట్టూ బారెడు వదిలేసి ముందుకెళ్లింది. ఆ చోట ఎప్పుడూ కనిపించే ఆకు, ఊడ్చాక రాలిందనుకునేవాళ్లం. ఎందుకలా అని మేడం అడిగారు.

"మీ డబ్బాకి చీపురు తగలనిస్తామా అండీ?" అంది, నొచ్చుకున్నట్టు.

ఊడ్చిన నేలనుకుని మేం ఇన్నాళ్లూ కొలిచింది ఊడ్చని నేలనే. మేడం డబ్బా ఎత్తి పక్కన పెట్టి, చీపురు తీసుకుని ఆ చోటంతా తనే ఊడ్చేశారు. నాంచారమ్మ నోరు నొక్కుకుంది. మళ్లీ మొదలుపెట్టి కొలిస్తే ఊడ్చిన చోట ఊపిరి బాగా పడిపోయింది.

వాళ్ల వంట ఆగిపోతుంది, పాత లెక్కే ఇచ్చేద్దామండీ అని బతిమాలాను. ఆవిడ మనసు మెత్తన, ఒప్పుకుంటారనే అనుకున్నాను.

"నేల పస్తుంటే చెట్టు ఎన్నాళ్లు నిలుస్తుందమ్మా? చెట్టే పోతే వాళ్లేం ఊడుస్తారు?" అన్నారు. కమిటీ కంటే ముందు ఆ ఆడవాళ్ల దగ్గరికే వెళ్లి అంతా చెప్పారు.

నాంచారమ్మ ఆవిడ మొహంలోకే చూస్తూ అంది:

"మీ డబ్బాకి మేం చీపురు తగలనివ్వలేదు. మా పొయ్యిని మాత్రం మీరే ఊడ్చేశారు కదమ్మా."

కమిటీ ఊడ్చడం మాన్పించింది. ఏడాదికి కొన్ని వరసలే ఊడ్చుకునేలా వంతులేయండని మేడం ఎంత మొత్తుకున్నా వినలేదు. ఆ తర్వాత ఆ ఊళ్లో మాకు మంచినీళ్లు ఇచ్చినవాళ్లు లేరు. ఆవిడ చేసింది తప్పో ఒప్పో, ఆవిడ పోయాక కూడా నాకు తేలలేదు.

ఇప్పుడు తోటలకు నేనే వెళుతున్నాను. ఊడ్చేవాళ్లను పిలిచి, నా డబ్బాకి తగిలేలా ఊడ్చండమ్మా అని చెబుతాను. నవ్వి సరేనంటారు. అయినా చుట్టూ జానెడు వదిలేస్తారు. అది నేనే ఊడుస్తాను. ఊడ్చినప్పుడల్లా ఎవరింటి పొయ్యో ఆర్పుతున్నట్టే ఉంటుంది.