ఇసుకలో దాచిన ఇటలీ సీసా

మా అండాలత్త చేతి కల్లు తాగని మగాడు మా ఊళ్లో లేడు. ఆమెతో కూర్చుని తాగిన మనిషి కూడా లేడు. ఈ రెండో మాట ఎవరికీ పట్టలేదు. అండాలమ్మ గయ్యాళి అన్నారు, తిక్క లేస్తే తాతముత్తాతల దాకా పోతుంది అన్నారు. అదీ నిజమే, నేను కాదనను. కానీ పొద్దుగూకాక అందరూ తువ్వాళ్లు దులుపుకుని ఇళ్లకు పోతే, ఆ పందిరి కింద ఒక్కతే కూర్చుని ముంతలు కడుక్కునే మనిషి నోరు తియ్యగా ఎట్లా ఉంటుందో మీరే చెప్పండి.

అత్త మా నాయినకు చిన్న చెల్లెలు. మాది చిట్యాలకు రెండు మైళ్ల లోపలి ఊరు. ఆమె పెనిమిటి మైసయ్య తాళ్లెక్కి కల్లు గీసేవాడు. ఆయన ఉన్నన్నాళ్లు పొద్దుటి కల్లులో మొదటి లొట్టి కుండ అమ్మకానికి పోయేది కాదు. ఇద్దరూ ఇంటి వెనక కూర్చుని, ముందు నాలుగు చుక్కలు నేలమీద పోసేవారు. పోయిన పెద్దలకు అది సాక. ఆ తర్వాత ఒకే తాటాకు రేకలో ఒకరి తర్వాత ఒకరు తాగేవారు. పోలీసు యాక్షన్ అయిన మరుసటేడు, వానకు తడిసిన చెట్టు మీద నడుముకు బిగించిన మోకు జారి మైసయ్య పడిపోయాడు. పిల్లలు లేరు. ఆనాటి నుంచి మరిది గీసి తెచ్చిన కల్లు అమ్మింది తప్ప అత్త ఒక్క గుక్క తాగలేదు.

"జరంత తాగరాదే అత్తా, ఒళ్లునొప్పులన్న పోతయ్" అంటే కసిరేది.

"ఒక్కదాన్నే తాగుతనానే? నీళ్లా అవి?"

పోనీ నేను తోడు కూర్చుందామంటే, మా పిల్లవాడికి అమ్మవారు పోసిననాడు బతికి బట్ట కడితే జన్మలో కల్లు ముట్టనని మొక్కుకున్నదాన్ని. దేవత దగ్గర మాట తప్పే ధైర్యం నాకు లేదు.

మైసయ్యను మంచంమీద మోసుకుని మిషన్ దవాఖానకు పోయిననాడు, ఆయన తల దగ్గర చివరిదాకా కూర్చున్నది లివియో ఫాదర్. ఇటలీ దేశపు మనిషి. గడ్డం ఎర్రగా, పాదాలు మాత్రం మనలాగే పగిలి ఉండేవి. మా ఊరి నోళ్లలో పడి ఆయన లివయ్య అయ్యాడు. ఆ తర్వాత సైకిలు మీద ఆ దారిన పోయినప్పుడల్లా అత్త పందిరి కింద ఆగి ఒక్క ముంత తాగేవాడు. మతం సంగతి ఎత్తేవాడు కాదు. ఎత్తితే ముంత నెత్తిన పడుతుందని తెలిసినవాడు.

ఆయన తాగుతుంటే అత్త దూరంగా నిలబడి మాట్లాడేది. ఒకనాడు నేనూ అక్కడే ఉన్నాను.

"మా నాయిన గూడ మీ తీరే అండాలమ్మా" అన్నాడు. మా మాటే మాట్లాడేవాడు, కొంచెం నత్తిగా. "కాకపోతె ఆయనది ద్రాక్షకల్లు. తెల్లగుంటది."

"గదేం కల్లయ్యా! పండ్లల్లకెల్లి కల్లెట్లొస్తది?"

"పండ్లు పిండి రసం పులియబెడ్తం. మా దగ్గర చలి శానా. చలికి పులుసుడు నడుమల్నే ఆగి పండుకుంటది. గప్పుడు సీసలల్ల పోసి, బిరడా పెట్టి దారంతోని కడ్తం. ఎండలు రాంగనే లోపల నిద్ర లేస్తది. మల్ల పులుస్తది, నురుగుకు బయటికి తొవ్వ ఉండది. అడుగున మడ్డి ఉంటది, మీ కల్లుకు ఉన్నట్టే."

"తియ్యగుంటదా?"

"ఉండది. తీపంత నురుగే తింటది."

"పేరేంది?"

"ప్రొసెక్కో."

"పోశక్కనా? మా యాదలక్ష్మి ఆడిబిడ్డ పేరు లెక్కున్నది" అని అత్త నన్ను చూపించి పకపకా నవ్వింది. ఆమె అట్లా నవ్వగా చూసి నాకు ఏళ్లయింది.

ఆయనా నవ్వి, ముంత కింద పెట్టి, కాసేపు రోడ్డు వైపు చూశాడు. "మా ఊర్లె కొండలమీద ఇండ్లు. ఒకింటికి ఒకిల్లు దూరం. ఎవలన్న బిరడా తీస్తె ఆ సప్పుడు పక్క కొండకు ఇనపడ్తది. ఎవలింట్లనో సంబురమని అందరు తలకాయలు లేపి చూస్తరు. నేను ఇటు వచ్చేనాడు మా నాయిన ఒకటి తీసిండు. మల్ల ఆ సప్పుడు ఇనలే."

అంత మాట చెప్పి సైకిలెక్కి పోయాడు. అత్త ఆ ముంతను చాలాసేపు కడగలేదు.

కొన్నేళ్లకు, ఆయన నాయిన చనిపోయిన ఏడు, చలికాలంలో ఓడ దిగి కొత్త ఫాదర్ ఒకాయన వచ్చాడు. ఉన్ని బట్టల్లో చుట్టుకుని ఒక సీసా తెచ్చాడు. ముసలాయన చేతి సీసాల్లో మిగిలింది అదొక్కటే. లివయ్య దాన్ని చంటిపిల్లను ఎత్తుకున్నట్టు ఎత్తుకుని తిన్నగా మా అత్త దగ్గరికి వచ్చాడు.

"నా గది మీద రేకులు. ఎండకాలం ఉడికిపోతది. మీ కుండల కింద ఇసుక సల్లగుంటది. ఆడ పెట్టు. మిరుగంల, తొలకరికి, మా నాయిన పోయి ఏడాదయితది. ఆనాడు తీద్దం. ఆయనకు నువ్వు సాక పొయ్యి. తర్వాత ఇద్దరం కూసుండి తాగుదం."

"ఇద్దరమా?" అంది అత్త.

"మరి? నేనొక్కన్నే తాగుతనా? నీళ్లా అవి?"

ఎవరు తాగమన్నా తను కసిరే మాట అత్తకే తిరిగి వచ్చింది. ఆ వారం చిట్యాల అంగడికి పోయి రెండు గాజు గ్లాసులు కొనుక్కొచ్చింది. రోజూ కుండలకింది ఇసుక తడిపేది. ఏ పని మీద వచ్చిన ఆడమనిషికైనా "మిరుగంల నాకు పనుంది, ఇప్పుడే చెప్తున్న" అనేది. ఏం పని అంటే చెప్పేది కాదు. కడుపులో మాట దాచుకోవడం ఆమె జన్మలో అదొక్కసారే చేసింది.

ఎండలు ముదిరేసరికి లివయ్యకు పచ్చకామెర్లు వచ్చాయి. హైదరాబాదు దవాఖానకు తీసుకుపోయారు. అత్త కనపడిన వాళ్లనల్లా అడిగేది. ఎవరికీ సంగతి తెలియదు.

ఆ నెలలోనే చిట్యాలలో ఒక సోడా సీసా ఎండకు పేలి మా ఊరి ఐలేశం కనుబొమ్మ చీలింది. అత్త గుండెల్లో రాయి పడింది. కల్లు సంగతి తెలిసినవాళ్లకు భయం ఎందుకో చెప్పనక్కరలేదు. పులిసేదాని మూతి బిగించవద్దు అన్నది మా గౌండ్ల ఇళ్లలో పిల్లలకు నడకతోపాటు నేర్పే మాట. బిగిస్తే కుండ కూడా పగులుతుంది. అందుకే లొట్టి మూతికి తాటిపీచు వదులుగా పెడతాం, ఊపిరాడాలని. మరి ఇదేమో గాజు సీసా, పైన బిరడా, దానిమీద దారంతో ముడులు!

ఒక మధ్యాహ్నం అత్త మా ఇంటికి పరుగున వచ్చింది. రవిక అంతా తడి, ముఖం వెలిగిపోతోంది.

"బతికించిన్నే! సీసను బతికించిన!"

"ఏమైందే?"

"ఇసుకల చెయ్యి పెడితె కాలుతాంది. మడ్డంత పైకి లేసింది. ఇంక జరసేపైతె పగిలి మట్టిల గలుస్తుండె. మైసయ్య కత్తితోని దారం కోసిన. దాని తల్లి కడుపు గాల, ఢామ్మని బిరడా పోయి కప్పుల తాకింది! జరంత పొంగిపోయింది గని, శానా మిగిలింది. పీచు పెట్టి, సల్లటి బట్ట చుట్టిన. ఇంక ఫికర్ లేదు."

నేనూ మెచ్చుకున్నాను. మాకేం తెలుసు?

మిరుగానికి వారం ముందు లివయ్య వచ్చాడు. జీపు దిగడానికే కొత్త ఫాదర్ భుజం పట్టుకోవలసి వచ్చింది. ఒళ్లంతా పసుపు పూసినట్టుంది. అత్త కట్టె పొయ్యిమీద అన్నం వదిలేసి వచ్చింది.

"రేపు పొద్దుగాల చిట్యాలల బస్సెక్కి హైదరాబాదు పోతున్న అండాలమ్మా. ఆన్నుంచి మా దేశం పంపుతరట. ఇంక రాను."

అత్త పందిరి కింద మంచం వాల్చింది.

"తాగద్దన్నరు. ఇంక జన్మల తాగద్దన్నరు. ఏం గాదు. నువ్వు తాగు. నేను సప్పుడు ఇని పోత. తియ్యి."

అత్త లోపలికి పోయి సీసా తెచ్చింది. మూతికి తాటిపీచు, చుట్టూ తడిబట్ట. మురిపెంగా ఆయన చేతుల్లో పెట్టింది. ఆయన పీచు వేలితో తాకాడు. తీశాడు. వాసన చూశాడు. అంత పచ్చని ముఖం తెల్లబడటం నేను చూశాను.

"ఏమైందయ్యా? తప్పు జేసిన్నా?"

దేవుడికి మొక్కిన మనిషి, అబద్ధం ఎట్లా చెప్తాడు? "సప్పుడు పోయిందమ్మా" అన్నాడు. మళ్లీ తనే, "నీ తప్పుగాదు. ఇది పగలదు. గందుకే సీస గంత మందం జేస్తరు. చెప్పుడు మర్చిన."

చూడండి మరి! ఆ ఒక్క మాట ముందే చెప్పి పోతే నోటి ముత్యాలు రాలిపోయేవా? జబ్బు మనిషని ఊరుకున్నాను. అత్త మాత్రం గుడ్లప్పగించి ఆ సీసాను చూస్తూ, "నువ్వు ఇనాల్సిన సప్పుడు. నేనొక్కదాన్నే ఇన్న" అంది. ఆయన సీసా తిరిగి ఆమె చేతిలో పెట్టి, ఆ చేయి కొంచెంసేపు పట్టుకుని, జీపెక్కాడు.

అత్త ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. లోపలున్నది నాలుక మీద వేసుకుని, "సచ్చిపోయింది" అని, ముసలాయన పేరున నేలమీద సాక పోసేసింది. సీసా కడిగింది. కప్పులో ఇరుక్కున్న బిరడా తీసి, మైసయ్య కత్తితో చుట్టూ చెక్కింది. మరిది సాయంత్రం దించిన తాటికల్లు సీసా నిండా పోసి, బిరడా దిగ్గొట్టి, ఆ దారంతోనే ముడి మీద ముడి వేసింది.

"పగుల్తదే అత్తా!"

"పగలదన్నడు గద" అంది.

తెల్లారి ఆ సీసాను తడిచీరలో చుట్టి కడుపుకు ఆనించుకుని బయలుదేరింది. నేను తెస్తానన్నా ఇవ్వలేదు. "పగిల్తె పిల్లల తల్లివి" అంది. కొంగున ఆ రెండు గాజు గ్లాసులు కట్టుకుంది. "తాగకున్న పెదవికన్న తాకిస్తడు" అని తనలో తాను అనుకుంటూ, అడుగులో అడుగు వేసుకుంటూ చిట్యాల రోడ్డు దాకా నడిచింది.

మేము పోయేసరికి బస్సు నిండి, కదలడానికి సిద్ధంగా ఉంది. లివయ్య కిటికీ పక్కన తల వాల్చి ఉన్నాడు. అత్త పిలవలేదు. కిటికీ కింద నిలబడి, సీసాకు చుట్టిన తడిచీర విప్పి, దారం కోసింది.

ఢామ్మంది. టీకొట్టు ముందున్నవాళ్లు లేచి నిలబడ్డారు. బస్సులో తలలన్నీ ఇటు తిరిగాయి. నురుగు అత్త మోచేతి దాకా కారింది. లివయ్య తల లేపి చూశాడు, రెండు చేతులతో ముఖం కప్పుకుని వెక్కి వెక్కి ఏడ్చాడు. "ఎవలింట్ల సంబురమమ్మా?" అని ఎవరో ముసలాయన కేకేశాడు.

అత్త సీసా సంకన పెట్టుకుని కొంగుముడి విప్పుతోంది. తడికి ముడి బిగుసుకుంది. పళ్లతో లాగి ఒక గ్లాసు తీసి పైకి చాపేసరికి బస్సు కదిలింది. ఆయన చేయి బయటికి వచ్చింది కానీ అందలేదు. గ్లాసు చాపిన చేయి అట్లాగే ఉంది, బస్సు హైదరాబాదు దారి పట్టింది.

దుమ్ము అణిగాక రోడ్డు పక్కన కూలబడ్డాం. ముందు నాలుగు చుక్కలు నేలమీద పోసింది. రెండో గ్లాసు కూడా తీసి, రెండింటిలోనూ నిండా పోసి, ముందు పెట్టుకుని కూర్చుంది. నురుగు మెల్లగా దిగిపోతోంది.

"ఆయన ఇన్నడు గదనే అత్తా. ఇంక నువ్వు తాగు" అన్నాను.

నా వైపు చూసింది. నా మొక్కు సంగతి ఆమెకు తెలుసు.

"ఎవలతోనే?" అంది.