కర్త లేని క్షమాపణ

2011 అక్టోబరులో ఒక మంగళవారం, చికాగోకు పడమరగా ఉన్న ఒక కౌంటీ కోర్టులో, ట్రాఫిక్ కేసులు వినే గదికి నన్ను తెలుగు ఇంటర్‌ప్రెటర్‌గా వేశారు. పాత మాటలో చెప్పాలంటే దుబాసీని. ఇంటర్‌ప్రెటర్లకు డ్యూటీలు వేసే కోఆర్డినేటర్ పంపే కాగితంలో మూడే వివరాలు ఉంటాయి: భాష, గది నంబరు, కేసు రకం. ఆ రోజు కేసు రకం దగ్గర నిర్లక్ష్యపు డ్రైవింగ్, ఒకరికి గాయాలు అని ఉంది.

నేను లా చదవలేదు. ఇంటర్మీడియట్‌తో ఆగిపోయినదాన్ని. అరోరాలో మా ఇంటికి నాలుగు వీధుల అవతల ఉన్న పబ్లిక్ లైబ్రరీలో రెండు చలికాలాలు కూర్చుని, లావుపాటి న్యాయ నిఘంటువును మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా చదివాను. దాన్ని ఇంటికి ఇవ్వరు కాబట్టి అక్కడే నోట్సు రాసుకున్నాను. వేరే రాష్ట్రంలోని యూనివర్సిటీ నుంచి పాత తెలుగు వ్యాకరణం ఒకటి కూడా లైబ్రరీ ద్వారా తెప్పించుకున్నాను. ఈ సంగతి గొప్పకే చెబుతున్నాను. ఆ రోజు నాకు పనికొచ్చింది ఆ వ్యాకరణమే.

మా పనికి నియమాలు కొద్దే, కానీ గట్టివి. ప్రతి కేసుకు ముందు ప్రమాణం చేస్తాం: ఏదీ చేర్చను, ఏదీ తీసేయను, దేనికీ మెరుగు పెట్టను. మాట్లాడే మనిషి 'నేను' అంటే మేమూ 'నేను' అనే అంటాం. మా సొంతంగా ఏదైనా చెప్పుకోవాల్సి వస్తే 'ఇంటర్‌ప్రెటర్ అడుగుతోంది' అని, మమ్మల్ని మేమే పరాయి మనిషిలా చెప్పుకుంటాం. వినడానికి వింతగా ఉంటుంది. కానీ రికార్డులో ఎవరి మాట ఎవరిదో తేలాలంటే అదొక్కటే దారి.

ముద్దాయి సాయితేజ. ఇరవై నాలుగేళ్లవాడు, ఎం.ఎస్. విద్యార్థి. ఇంగ్లీషులో చదువుకునే కుర్రాడికి దుబాసీ దేనికని చాలామంది అడుగుతారు. జడ్జి ముందు నిలబడ్డాక నోట్లోంచి ఏ భాష వస్తుందో నిలబడితే గానీ తెలియదు. అడిగినవాళ్లకు ఇంటర్‌ప్రెటర్‌ను ఇవ్వడం కోర్టు బాధ్యత.

అయిదు నెలల కిందట, పొద్దున బడి తెరిచే వేళ, అతను ఫోన్ చూసుకుంటూ కారు నడిపి ఒక ఆవిడను గుద్దాడు. ఆవిడ పేరు హెలెన్. అరవై ఎనిమిదేళ్లు. చేత్తో 'స్టాప్' పలక పట్టుకుని పిల్లలను రోడ్డు దాటించే ఉద్యోగం ఆవిడది. పిల్లలు అప్పటికే దాటేశారు. ఆవిడ తుంటి విరిగింది. కోర్టుకు వాకర్‌తో వచ్చింది.

వరండాలో నన్ను రామ్మోహన్ గారు పట్టుకున్నారు. మా ఊళ్లో ఏ తెలుగు విద్యార్థికి ఏ కష్టమొచ్చినా ముందు పరిగెత్తే మనిషి ఆయన. నిజంగానే మంచివారు.

"సరోజగారూ, మన పిల్లాడండీ. వాడేం చెప్పినా మీరు ఇంగ్లీష్‌లో కాస్త నీట్‌గా చెప్పేయండి. జడ్జికి రిమోర్స్, అదే పశ్చాత్తాపం, కనపడాలంట."

"ఉంటే కనపడుతుందండీ."

"అబ్బా, మీరూ లాయర్‌లాగే మాట్లాడతారేంటి. ఉన్న ఒక్కడితోనే వేగలేకపోతున్నాం."

సాయితేజ పక్కనే ఉన్నాడు. చొక్కా కాలరు తడిసిపోయింది. "నేను ఎక్కువ మాట్లాడనాంటీ. ఇన్సూరెన్స్ వాళ్లు 'ఐ డిడ్ ఇట్' అని ఎక్కడా అనొద్దన్నారు," అన్నాడు.

అవి లాయరుతో చెప్పుకోవాల్సిన మాటలని, ఇక్కడ నన్ను ఆంటీ అనవద్దని చెప్పి దూరంగా వెళ్లి నిలబడ్డాను. అతని మీద జాలి లేక కాదు. ఉండబట్టే దూరం వెళ్లాను.

ప్రాసిక్యూటరు, అతని లాయరు కలిసి ముందే ఒక ఒప్పందానికి వచ్చారు. అతను నేరం ఒప్పుకుంటాడు. ఏడాది పాటు కోర్టు పర్యవేక్షణలో ఉంటాడు. ఆ ఏడాది బుద్ధిగా ఉంటే రికార్డులో శిక్ష పడినట్టు రాయరు. రాస్తే అతని వీసాకు, ఆ తర్వాత ఉద్యోగానికి ముప్పు. కాకపోతే ఆ ఒప్పందాన్ని ఆమోదించాలో లేదో జడ్జి ఇష్టం.

లాయరు నేర్పినట్టే సాయితేజ 'గిల్టీ' అన్నాడు. ఒక్క మాట. తర్వాత హెలెన్ మాట్లాడింది. ఆసుపత్రికి పూలు వచ్చాయని, ఇంటికి పళ్లబుట్ట వచ్చిందని చెప్పింది. ఆ పళ్లబుట్ట రామ్మోహన్ గారు పంపించినదే. "దాంతో వచ్చిన కార్డులో, ఇలా జరగడం దురదృష్టకరం అని రాసి ఉంది. జరిగిందని నాకు తెలుసు. అప్పుడు నేను అక్కడే ఉన్నాను," అంది.

ఏమైనా చెప్పుకుంటావా అని జడ్జి అడిగాడు. సాయితేజ నా వైపు తిరిగి తెలుగులో చెప్పాడు:

"ఫోన్ మోగింది. ఆవిడ కనబడలేదు. యాక్సిడెంట్ అయిపోయింది. తప్పయిపోయిందాంటీ."

నాలుగు వాక్యాలు. ఒక్కదాంట్లోనూ 'నేను' లేదు. మోగింది ఫోన్, కనబడనిది ఆవిడ, మిగతావి వాటంతట అవే అయిపోయాయి. మన ఇళ్లలో 'తప్పయిపోయింది' అంటే క్షమాపణే, విన్నవాళ్లు మెత్తబడతారు కూడా. కానీ చేసినవాడు ఆ వాక్యంలో ఉండడు. ఉన్నాడని పెద్దమనసుతో మనమే ఊహించుకోవాలి.

నా నాలుక మీద చక్కటి ఇంగ్లీషు వాక్యం సిద్ధంగా ఉంది: ఐ యామ్ సో సారీ, ఇట్ వాజ్ ఆల్ మై ఫాల్ట్. అది అంటే జడ్జి తలూపుతాడు, ఒప్పందం ఆమోదం పొందుతుంది, రామ్మోహన్ గారు నాకు చేతులెత్తి దండం పెడతారు. ఉద్యోగంలో చేరిన మొదటి ఏడాది ఒకసారి అలాంటి పని చేశాను కూడా. ఎవరూ పట్టుకోలేదు. ఈసారి చేయలేదు. నా వాక్యాన్ని హెలెన్ అతని మాటగా ఇంటికి తీసుకువెళుతుంది. అతను అనని మాట ఆవిడకు ఇచ్చే హక్కు నాకు లేదు.

ఉన్నది ఉన్నట్టు చెప్పాను. ఫోన్ మోగింది, ఆవిడ కనబడలేదు, ప్రమాదం జరిగిపోయింది, తప్పు జరిగిపోయింది, ఆంటీ.

జడ్జి తలెత్తాడు. ఆంటీ ఎవరని అడిగాడు.

ఇంటర్‌ప్రెటర్ వివరణకు అనుమతి అడుగుతోందని చెప్పాను. అనుమతించాడు. పెద్ద వయసు ఆడవాళ్లను తెలుగువాళ్లు మర్యాదకు అలా పిలుస్తారని, ఆ పిలుపు ఇంటర్‌ప్రెటర్‌ను ఉద్దేశించినదని చెప్పాను. చివరి వాక్యం ఆ భాషలో మామూలు క్షమాపణేనని, అయితే తప్పు ఎవరిదో అందులో చెప్పి లేదని, అది జడ్జి ఆ మాట అన్న మనిషినే అడగాలని కూడా చెప్పాను.

గుద్దింది ఇంటర్‌ప్రెటర్‌ను కాదు కదా, ఎవరిని గుద్దాడో ఆవిడతో చెప్పమనండి, అన్నాడు జడ్జి. లాయరు లేచి అభ్యంతరం చెప్పబోయాడు. జడ్జి కూర్చోమన్నాడు.

ఆ మాట తెలుగులో చెప్పాను. సాయితేజ ముందు వెనక్కి తిరిగి రామ్మోహన్ గారిని చూశాడు. ఆయన తల అడ్డంగా ఊపారు. తర్వాత హెలెన్ వైపు తిరిగాడు.   

"ఆంటీ," అన్నాడు ఆవిడతో. "ఫోన్ నేను చూశాను. మీరు కనబడకపోవడం కాదు. నేను చూడలేదు. నేనే గుద్దాను."

ఈసారీ మొత్తం చెప్పాను, ఆంటీతో సహా.

హెలెన్ అతన్నే చూస్తూ విన్నది. "విన్నాను. క్షమించడానికి ఇంకా సిద్ధంగా లేను. కానీ విన్నాను," అంది. అదీ అతనికి తెలుగులో చెప్పాను, మెత్తబరచకుండా.

జడ్జి పర్యవేక్షణకు ఒప్పుకున్నాడు, కానీ ఏడాదికి బదులు రెండేళ్లు వేశాడు. ఏడాది పాటు కారు ముట్టకూడదన్నాడు. పర్యవేక్షణలో ఉండగా దేశం దాటితే తిరిగి రానివ్వరేమోనన్న భయంతో సాయితేజ తన అక్క పెళ్లికి వెళ్లలేదని తర్వాత విన్నాను. "ఒక్క మాట మీరు సర్ది చెప్పుంటే ఏడాదితో పోయేదండీ," అన్నారు రామ్మోహన్ గారు. పోయేదేమో. కాదని నేను ఏనాడూ వాదించలేదు. ఆ తర్వాత ఊళ్లో కొన్ని ఇళ్ల నుంచి మాకు పిలుపులు ఆగిపోయాయి. ఆగనివ్వండి.

ఇంటర్‌ప్రెటర్ హద్దు మీరిందని లాయరు కోఆర్డినేటర్‌కు ఫిర్యాదు రాశాడు. నన్ను సంజాయిషీ అడిగారు. తెలుగులో కర్త లేకుండా వాక్యం ఎలా నిలబడుతుందో వ్యాకరణం నుంచి అరపేజీ రాసి, కింద ఏదీ చేర్చకూడదన్న నియమం నంబరు వేసి పంపాను. క్షమాపణ చెప్పలేదు. చెప్పాల్సిన తప్పు నేను చేయలేదు. మూడు వారాల తర్వాత మళ్లీ డ్యూటీ వేశారు.

ఆ కేసు నాకు నేర్పింది ఇది. జాలి ఎవరి తరఫునైనా ఎవరైనా చూపించవచ్చు, పళ్లబుట్టతో కూడా. తప్పు ఒప్పుకోవడం మాత్రం చేసినవాడే చేయాలి. అతని వాక్యంలో అతను లేకపోతే, ఆ ఖాళీని ఖాళీగానే కోర్టు ముందు పెట్టడం నా ఉద్యోగం. రిటైరయ్యే దాకా అలాగే పెట్టాను.